మెదడు దారిలో తల్లి గొట్టం, పిల్ల గొట్టం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భమున జరిగిన విజ్ఞాన సభలోని ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదేళ్ల పాఠశాల ఉత్సవంలో ఒక సన్నని గొట్టాన్ని గురించి ప్రసంగమేమిటని సభలో కొందరికి తోచవచ్చు. అందుకు కారణాలు రెండున్నాయి. ఈ బడిలో తొలి తరగతులు చదివినవారికి ఇప్పుడు ఎనభై దాటింది. వారి పిల్లలలో పలువురు అరవైకి చేరువలో ఉన్నారు. పక్షవాతం సంగతి తెలుసుకొని ఉండవలసిన వయసులివి. రెండవ కారణం భాషకు సంబంధించినది. చుట్టూ మరొక భాష వినిపించే ఊళ్లో భౌతికశాస్త్రాన్నీ, జీవశాస్త్రాన్నీ తెలుగులో బోధించిన పాఠశాల ఇది. నేటి అతి నవీనమైన వైద్యసాధనమొకటి ఆ తరగతి గదుల్లో నల్లబల్ల మీద రాసిన సూత్రాలతోనే పనిచేస్తున్నది. ఆ సంగతిని తెలుగులో చెప్పగలమా లేదా అని పరీక్షించి చూడడానికి ఇంతకంటె తగిన వేదిక దొరకదు.

పక్షవాతం అన్న మాటలో పక్షం అంటే శరీరంలో ఒక ప్రక్క, వాతం అంటే గాలి. మూతి వంకరపోయి, కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు 'గాలి సోకింది' అనడం పల్లెల్లో నేటికీ వినిపిస్తుంది. నిజానికి జరిగేది మెదడుకు నెత్తురు అందకపోవడమో, మెదడులో నెత్తురు చిమ్మడమో. మొదటిదే ఎక్కువ. గుండెలోనో, మెడలోని ధమని గోడ మీదనో ఏర్పడిన గడ్డ ప్రవాహంలో కొట్టుకుపోయి మెదడు ధమనిలో అడ్డుపడుతుంది. శరీరం బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే అయినా, శరీరం వాడుకునే ప్రాణవాయువులో అయిదో వంతు దానికే కావాలి. నిలవ ఉంచుకునే శక్తి దానికి లేదు. పెద్ద ధమని ఒకటి మూసుకుపోతే, చికిత్స లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికాలో లెక్కకట్టారు. అది సగటు లెక్క. కొందరిలో పక్కదారి నాళాలు కొంతసేపు ఆదుకుంటాయి, కొందరిలో ఆ అదృష్టం ఉండదు.

గడ్డను కరిగించే మందు పక్షవాతానికి పనికివస్తుందని 1995లో రుజువైంది. మొదట మూడు గంటలలోపు, 2008 తరువాత నాలుగున్నర గంటలలోపు దానిని ఇవ్వవచ్చునన్నారు. అయితే పెద్ద ధమనిలో ఇరుక్కున్న పెద్ద గడ్డ ఆ మందుకు తరచు లొంగదు. కరగని దానిని లోపలికి పోయి పట్టి బయటికి లాగడమే మార్గమని చాలాకాలంగా కొందరు వైద్యులు అంటూనే వచ్చారు. ఆ మాట 2015లో నిలబడింది. నెదర్లాండ్స్, కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా, స్పెయిన్ దేశాల వైద్యులు నడిపిన అయిదు పరిశోధనల ఫలితాలు ఒకే సంవత్సరంలో వెలువడి, గడ్డను లాగివేసే చికిత్స మేలైనదని తేల్చాయి. తగిన రోగులను స్కానింగ్ ద్వారా ఎంపిక చేసుకుంటే 24 గంటల వరకు కూడా ప్రయోజనం ఉండగలదని 2018 నాటికి మరొక పరిశోధన చూపింది.

లోపలికి పోవడం అన్నామే, ఆ దారి ఎక్కడిది? దీనికొక చరిత్ర ఉన్నది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ లిస్బన్ నగరంలో మెదడు ధమనులను ఎక్స్‌రే చిత్రంలో చూపించాడు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే యువవైద్యుడు తన చేతి సిర గుండా తానే ఒక గొట్టాన్ని గుండె దాకా దూర్చుకొని, ఎక్స్‌రే గదికి నడిచిపోయి చిత్రం తీయించుకున్నాడు. పెద్దలు మందలించారు. 1956లో నోబెల్ బహుమతి వచ్చింది. 1953లో స్వీడన్‌కు చెందిన సెల్డింగర్ కత్తిగాటు లేకుండా సూది, తీగ, గొట్టం అనే వరుసలో ధమనిలో ప్రవేశించే పద్ధతిని ప్రకటించాడు. నేటికీ లోకమంతటా ఆ వరుసే నడుస్తున్నది. మాస్కోలో సెర్బినెంకో, మే దినోత్సవంలో పిల్లలు దారంతో బెలూన్లు ఆడించడం చూసి ఆలోచించాడంటారు, మెదడు నాళాలలోకి ఊడదీయగల చిన్న బెలూన్లను పంపి 1974లో ఆ అనుభవాన్ని ప్రకటించాడు. 1991లో గుగ్లీల్మీ, మెదడు ధమని గోడ ఉబ్బి ఏర్పడిన బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపే విధానాన్ని వెల్లడించాడు. ప్లాటినం ఉత్సవంలో ఆ లోహానికి ఇంకొక ఉపయోగం ఉన్నదని చెప్పుకోవడం సందర్భోచితమే.

ఇక దారి సంగతి. తొడ మొదట్లో నాడి కొట్టుకునే చోట ధమనిలో ప్రవేశించిన గొట్టం కడుపు, రొమ్ము దాటి, గుండెపైన వంపు తిరిగిన బృహద్ధమనిని చేరి, అక్కడి కొమ్మలలో ఒకదానిలోకి మళ్లి, మెడ గుండా కపాలంలోకి ఎక్కాలి. మొత్తం సుమారు ఒక మీటరు. మెడలోని కెరోటిడ్ ధమని కపాలంలోకి పోయే చోట దాదాపు 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. గడ్డ తరచు చిక్కుకునే మధ్య మస్తిష్క ధమని రెండున్నర, మూడు మిల్లీమీటర్లకు మించదు. దూరం, సన్నదనం రెండూ లెక్కకు అందేవే. అసలు చిక్కంతా వంపులతో వస్తుంది.

బాల్యంలో బృహద్ధమని వంపు విల్లులాగా చక్కగా ఉంటుంది. వయసుతో, రక్తపోటుతో అది సాగి కిందికి దిగుతుంది. కొమ్మల మొదళ్లు కూడా దానితోపాటు కిందికి జారి, గొట్టం పైకి పోయి మళ్లీ వెనక్కు మళ్లవలసిన కోణంలో నిలుస్తాయి. మెడలోని ధమని కొందరిలో నిటారుగా పోక పాములా మెలికలు తిరుగుతుంది. మరికొందరిలో పూర్తిగా ఒక చుట్టు చుట్టుకుంటుంది. కపాలం అడుగున ఎముక గుండా పోయే చోట అందరికీ ఉండే ఎస్ ఆకారపు మలుపు దీనికి అదనం. గడ్డలు ఎక్కువగా వచ్చేది పెద్ద వయసులో, మెలికలు ఎక్కువగా ఉండేదీ పెద్ద వయసులోనే. ఎవరికి ఈ చికిత్స ఎక్కువ అవసరమో వారి దారే ఎక్కువ కష్టమైనది.

ఇంట్లో లంగాకో పైజామాకో నాడా ఎక్కించిన వారందరికీ ఈ కష్టం ఏమిటో తెలుసు. మెత్తని నాడాను వెనుకనుంచి ఎంత తోసినా అది ముందుకు పోదు. మడతలు పడి అక్కడే ముద్ద అవుతుంది. అందుకే కొసకు పిన్నీసు గుచ్చి, బట్టమీద నుంచి పట్టుకొని లాగుతారు. ధమని విషయంలో బట్టమీద నుంచి పట్టుకునే వీలు లేదు. వైద్యుని చేతులు తొడ దగ్గర ఉన్నాయి. పని మీటరు దూరంలో జరగాలి. వెనుకనుంచి తొయ్యడం ఒక్కటే ఉపాయం.

తోసినప్పుడు ఏమవుతుందో పాఠ్యపుస్తకాలలోనే ఉన్నది. సన్నని కడ్డీ ఎంత బరువుకు వంగిపోతుందో 18వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఆయిలర్ సూత్రీకరించాడు. ఆధారం లేని పొడవు రెట్టింపయితే, అది తట్టుకోగల తోపు నాలుగో వంతుకు పడిపోతుంది. పొడవు సగమైతే తట్టుకోగల తోపు నాలుగు రెట్లవుతుంది. ధమనిలో గోడల ఒరుపు ఉంటుంది గనుక ఈ లెక్క అచ్చంగా వర్తించదు, కాని దిశ మాత్రం అదే. రెండవది ఘర్షణ. గుంజకు పలుపుతాడు ఒక చుట్టు వేస్తే కోడెదూడను చిన్నపిల్లవాడు కూడా నిలవరించగలడు. రెండు చుట్లు వేస్తే ఎద్దే ఆగుతుంది. తాడు తిరిగిన కోణం పెరిగేకొద్దీ ఘర్షణ కూడికలో కాక గుణకారంలో పెరుగుతుంది. మెడ మెలికలలో గొట్టానికీ అదే జరుగుతుంది. ప్రతి వంపూ చేతి తోపులో కొంత భాగాన్ని మింగివేస్తుంది. చివరికి వైద్యుడు తోస్తున్న తోపు కొసకు చేరక, గొట్టం బృహద్ధమనిలోకి వెనుకకు దూకి ముడుచుకుంటుంది. అంతదాకా చేసిన పని అంతా పోయి, మళ్లీ తొడ నుంచి ప్రారంభం.

అందుచేతనే ఒక గొట్టంలో మరొకటి, దానిలో ఇంకొకటి దూర్చే పద్ధతి వచ్చింది. అన్నిటికంటె వెలుపలిది దారి చూపే లావు గొట్టం. దానినే గైడ్ క్యాథెటర్ అంటారు. లోపల సూక్ష్మనాళిక, దాని లోపల తలవెంట్రుకకంటె కొన్ని రెట్లు లావైన తీగ. తీగ వ్యాసం 0.36 మిల్లీమీటరు. గొట్టాల లావును 'ఫ్రెంచ్' అనే కొలతలో చెబుతారు. 19వ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పరికరాలు తయారుచేసిన షారియేర్ పెట్టిన కొలత అది. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఆరు ఫ్రెంచ్ గొట్టం వెలుపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు. లోపలి ఖాళీ సుమారు 1.8 మిల్లీమీటర్లు.

వెలుపలి లావు గొట్టం ఎంత పైకి పోతే లోపలి సన్న గొట్టానికి అంత ఆసరా. కాని లావు గొట్టం బిరుసుగా ఉంటుంది గనుక మెలికల దగ్గర ఆగిపోతుంది. బలవంతాన తోస్తే ధమని లోపలి పొర చిరుగుతుంది. లావుగా ఉంటూనే మెత్తగా ఉండాలి, మెత్తగా ఉంటూనే తోపుకు నిలవాలి. ఈ పరస్పర విరుద్ధమైన కోరికల నడుమ పుట్టినదే గైడ్ ఎక్స్‌టెన్షన్ క్యాథెటర్, అనగా దారి గొట్టానికి పొడిగింపు గొట్టం.

ఇది మెదడు కోసం పుట్టినది కాదు, గుండె వైద్యుల సృష్టి. 1977లో గ్రున్‌ట్‌సిగ్ జూరిక్‌లో హృదయ ధమనిని బెలూన్‌తో వెడల్పు చేసిన నాటి నుంచి, సున్నం పట్టిన వంకర ధమనులలోకి స్టెంటును చేర్చడం వారికి తలనొప్పిగానే ఉండేది. 2004లో జపాన్ వైద్యులు ఆరు ఫ్రెంచ్ గొట్టంలో అయిదు ఫ్రెంచ్ గొట్టాన్ని దూర్చి, లోపలిది కొన్ని సెంటీమీటర్లు ముందుకు చొచ్చుకుపోతే ఆసరా ఎంతో పెరుగుతుందని చూపారు. వైద్యులు దానికి తల్లీపిల్లల పద్ధతి అని పేరు పెట్టుకున్నారు. తల్లి గొట్టం ధమని మొదట్లో నిలబడుతుంది. పిల్ల గొట్టం తల్లి లోపలినుంచి బయటికి వచ్చి ముందుకు నడుస్తుంది. ఈ ప్రసంగం శీర్షిక అక్కడిదే.

ఆ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉండేది. పిల్ల గొట్టం తల్లికంటె పొడవుగా, ఆ కొస నుంచి ఈ కొసదాకా ఒకే గొట్టంగా ఉండేది. దానిని దూర్చడానికి వెనుకనున్న అమరికనంతా విప్పాలి. 2009లో అమెరికాలో అనుమతి పొందిన గైడ్‌లైనర్ అనే సాధనం ఆ ఇబ్బందిని తొలగించింది. అందులో నిజమైన గొట్టం కొస దగ్గరి 20, 25 సెంటీమీటర్లు మాత్రమే. మిగిలిన మీటరు పైచిలుకూ ఒక సన్నని లోహపు కడ్డీ. పొడవాటి చీపురుపుల్ల కొసకు బొప్పాయి కాడ ముక్క కట్టినట్లు ఊహించుకోవచ్చు. కడ్డీ పట్టుకొని తోస్తే ముక్క తల్లి గొట్టంలో జారుతూ పోయి, దాని కొస దాటి బయటికి వస్తుంది. ట్రాన్సిస్టర్ రేడియో ఏరియల్‌ను లాగి పొడుగు చేసినట్లుగా దారి గొట్టం పొడుగవుతుంది. తరువాత ఇతర సంస్థలు కూడా ఇటువంటివి తెచ్చాయి.

ఈ పొట్టి ముక్కలో ఉన్న తెలివి కొంత వివరించదగినది. గొట్టంలో ద్రవ ప్రవాహం దాని వ్యాసార్థం నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని పదవ తరగతి దాటినవారు చదివే ఉంటారు. లోపలి వ్యాసం 1.8 నుంచి 1.4 మిల్లీమీటర్లకు తగ్గితే, అదే పొడవులో, అదే ఒత్తిడికి ప్రవాహం మూడో వంతుకంటె కొంచెం ఎక్కువగా మాత్రమే మిగులుతుంది. పిల్ల గొట్టం మీటరు పొడవునా ఉంటే ఈ నష్టం మీటరు పొడవునా ఉంటుంది. గొట్టాన్ని పాతిక సెంటీమీటర్లకు కుదిస్తే నష్టం ఆ పాతికకే పరిమితం. మిగిలిన దారిలో కడ్డీ ఆక్రమించే చోటు స్వల్పం. ఎక్స్‌రేలో నాళాలు కనబడడానికి పంపే మందు ధారాళంగా పోవాలంటే ఇది ముఖ్యం.

మెదడు చికిత్స చేసేవారు దీనిని అరువు తెచ్చుకున్నారు. వాడిన తీరును, ఫలితాలను వైద్యపత్రికలలో ప్రకటించారు. అవి ఎక్కువగా కొద్దిమంది రోగుల అనుభవాలే. వందలమందిని రెండు జట్లుగా విడదీసి పోల్చిచూసిన పరీక్షల స్థాయి సాక్ష్యం వాటికి లేదని గుర్తుంచుకోవాలి.

పని జరిగే తీరు ఇది. డెబ్బై దాటిన మనిషి, బృహద్ధమని వంపు కిందికి దిగి ఉన్నది, మెడలో ధమని చుట్టు తిరిగి ఉన్నది అనుకుందాం. తల్లి గొట్టం చుట్టు మొదట్లో ఆగింది. ముందుగా తీగ, దానిమీద సూక్ష్మనాళిక చుట్టు దాటి పైకి పోతాయి. అవి సన్ననివి గనుక పోగలవు. ఇప్పుడు వాటినే పట్టాలుగా చేసుకొని పొడిగింపు గొట్టం మెల్లగా ఎక్కుతుంది. ఒట్టి గొట్టాన్ని ఎన్నడూ ముందుకు తోయరాదు. దాని అంచు మొండిది. లోపల పట్టా ఉన్నా, లావు గొట్టానికీ సన్న తీగకూ మధ్య మెట్టులాంటి ఖాళీ ఉంటుంది. ఆ మెట్టు ధమని కొమ్మ మొదట్లో తగులుకుంటుంది. కపాలంలో కంటికి పోయే చిన్న ధమని మొదలు ఇందుకు పేరుమోసిన చోటు. మెట్టు చిన్నదయ్యేటట్లు నడుమ మరొక గొట్టాన్ని ఉంచడం ఒక ఉపాయం. పొడిగింపు చుట్టు దాటగానే పరిస్థితి మారిపోతుంది. లోపలి సూక్ష్మనాళికకు ఆసరాలేని పొడవు ముప్పై సెంటీమీటర్ల నుంచి పదికో పదిహేనుకో తగ్గుతుంది. అంతదాకా మొండికేసిన నాళిక వేళ్ల మధ్య కొద్దిపాటి కదలికకే బదులు చెప్పడం మొదలుపెడుతుంది.

మరొక జాగ్రత్త. కడ్డీకీ గొట్టానికీ అతుకు ఉన్న ద్వారం ఎప్పుడూ తల్లి గొట్టం లోపలే ఉండాలి. అది బయటికి వచ్చిందంటే లోపలి సరంజామా అంతా దారి తప్పుతుంది. అంటే పాతిక సెంటీమీటర్ల ముక్కను పాతికా వాడుకోలేము. కొంత భాగం తల్లి ఒడిలో ఉండితీరాలి. స్టెంటు వంటిది ఆ ద్వారం దగ్గర తగులుకొని పాడైన సందర్భాలూ ఉన్నాయి గనుక, అతుకు తల్లి గొట్టంలో నిటారుగా ఉన్న భాగంలో నిలిచేటట్లు చూస్తారు.

నాళపు బుడగ చికిత్సలో ఈ ఆసరాకు ఇంకొక విలువ ఉన్నది. వంకర దారిలో తోసిన తోపు వృథా పోదు. అది గొట్టపు వంపులలో స్ప్రింగులాగా నిలవ ఉంటుంది. ఏ క్షణంలోనో ఘర్షణ వీడిందంటే ఆ నిలవంతా ఒక్కసారి విడుదలై కొస ముందుకు ఎగురుతుంది. కాగితమంత పల్చని బుడగ గోడ దగ్గర ఆ ఎగురుడు ప్రాణాంతకం. ఆసరా దగ్గరగా ఉంటే తోపు నిలవ ఉండే వంపులు తగ్గుతాయి.

గడ్డను లాగే చికిత్సలో మాత్రం ఈ సాధనాన్ని అంతగా మెచ్చుకోవడానికి లేదు. వలలాంటి స్టెంటుతో పట్టిన గడ్డ వెనుకకు వచ్చేటప్పుడు 1.4 మిల్లీమీటర్ల ఇరుకు నోటిలో దూరాలి. అంచుకు ఒరుసుకొని ముక్కలై, ఆ ముక్కలు మళ్లీ మెదడులోకి పోయే ప్రమాదం ఉన్నది. గడ్డను నేరుగా పీల్చివేసే గొట్టాల వెలుపలి లావు సుమారు రెండు మిల్లీమీటర్లు. అవి ఈ ఇరుకులో అసలే పట్టవు. ఎనిమిది ఫ్రెంచ్ పరిమాణంలో పొడిగింపులు కూడా ఉన్నాయి. వాటికి తగినంత లావు తల్లి గొట్టం కావాలి, మణికట్టు ధమని గుండా పోయేవారికి ఆ సౌకర్యం తరచు ఉండదు. మెడలోని వెర్టిబ్రల్ ధమని మొదట్లో స్టెంటు పెట్టవలసి వచ్చినప్పుడు, మణికట్టు దారిలో సన్న గొట్టంతోనే బుడగకు తీగచుట్టలు చేర్చవలసి వచ్చినప్పుడు దీని అక్కర ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రమాదాలలో మొదటిది ధమని లోపలి పొర చిరగడం. రెండవది ధమని బిగుసుకుపోవడం. మూడవది గొట్టం ధమనికి బిరడాలాగా బిగిసి నెత్తురు ఆగిపోవడం. గడ్డ లాగే కొద్ది క్షణాలు ప్రవాహం తగ్గడం వల్ల కొంత మేలున్నా, నిమిషాల తరబడి ఆగితే కొత్త గడ్డలు పుడతాయి. అందుకని నెత్తురు గడ్డకట్టకుండా చేసే హెపారిన్ కలిపిన ఉప్పునీటిని గొట్టాల మధ్య ఎడతెగకుండా పారిస్తూ ఉంటారు. నాలుగవది గాలి. గొట్టం బిగిసి ఉన్నప్పుడు లోపలి సాధనాన్ని గబగబా వెనుకకు లాగితే, ముందునుంచి నెత్తురు రాక, వెనుక కవాటం నుంచి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ తరువాత ఇంజక్షన్ ఇస్తే ఆ బుడగ తిన్నగా మెదడులోకి పోతుంది. గుండె ధమనిలో కొన్నిసార్లు సర్దుకుపోయే బుడగ మెదడులో సర్దుకుపోదు. 'గాలి సోకింది' అన్న పల్లెమాట ఈ ఒక్కచోట అక్షరాలా నిజమవుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులు, పూర్వవిద్యార్థులు శ్రద్ధగా వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. హృదయ ధమనుల కోసం, చేతులు కాళ్ల ధమనుల కోసం పరీక్షించి అనుమతి పొందిన సాధనాన్ని మెదడు దారిలో వాడడం ఆ అనుమతిని దాటిన వాడకం. అది దానంతటదే నేరమూ కాదు, అసాధారణమూ కాదు. వైద్యంలో అనేక మందులూ సాధనాలూ అలాగే మొదలయ్యాయి. అయినా తేడాను దాచకూడదు. మెడలోని విశాలమైన ధమనిలో ఆసరా కోసం వాడడం ఒక ఎత్తు, కపాలం లోపలి పల్చని గోడల ధమనిలోకి దూర్చడం మరొక ఎత్తు. మెదడు ధమనుల గోడలు బయటి ధమనుల గోడలకంటె పలచన. వాటి చుట్టూ దన్నుగా కండరం లేదు, నీరే ఉన్నది. మొదటిది వివేకం కావచ్చు. రెండవదానికి గట్టి కారణం చెప్పగలిగి ఉండాలి.

పైగా మెదడు కోసమే తయారైన మెత్తని మధ్యంతర నాళికలు గత పదిహేనేళ్లలో ఎంతో మెరుగుపడ్డాయి. అవి మొదటినుంచి కొసదాకా ఒకే గొట్టం, మొదలు బిరుసు, కొస మెత్తన. చాలాచోట్ల వాటితోనే పని జరిగిపోతుంది. పొడిగింపు గొట్టం అటకమీది నిచ్చెనవంటిది. ఇంట్లో ఉండాలి గాని రోజూ వాకిట్లో వేసి ఉంచనక్కరలేదు. తొడ దారి కుదరకపోతే మణికట్టు దారి ఉన్నది. అదీ కుదరకపోతే మెడలోని ధమనిలోనే నేరుగా సూదితో ప్రవేశించే మార్గం ఉన్నది. పొడిగింపుతో అరగంట పెనుగులాడడం కంటె దారి మార్చడమే తెలివైన పని అయ్యే సందర్భాలు తక్కువేమీ కావు. నిమిషానికి 19 లక్షల కణాల లెక్క గొట్టంతో పెనుగులాడే నిమిషాలకు కూడా వర్తిస్తుంది.

రాత్రి రెండు గంటలకు ఆసుపత్రి వరండాలో కొడుకో కోడలో సంతకం చేసే కాగితంలో ఇవేవీ ఉండవు. గడ్డ తీయాలి, వెంటనే సంతకం పెట్టండి అంటారు. అది నిజమే, అక్కడ తాత్సారం చేయడం తగదు. పక్షవాతం ముంచుకువచ్చిన వేళ సాధనాల పేర్లు అడిగి సమయం పోగొట్టుకోరాదు. కాని బుడగకో, ఇరుకైన ధమనికో ముందుగా తేదీ నిర్ణయించి చేసే చికిత్స వేరు. అక్కడ వ్యవధి ఉన్నది. దారి ఎంత వంకరగా ఉన్నది, మొదటి ప్రయత్నం కుదరకపోతే రెండవ మార్గం ఏది, వేరే అవయవం కోసం తయారైన సాధనం వాడవలసి వస్తుందా, ఆ వైద్యునికి దానితో అనుభవం ఎంత అని అడిగే హక్కు రోగికి ఉన్నది. మంచి వైద్యుడు ఆ ప్రశ్నలకు నొచ్చుకోడు.

అత్యవసర సమయంలో ఇంటివారు చేయగలిగినది వేరే ఉన్నది. మూతి ఒక ప్రక్కకు జారినా, రెండు చేతులూ చాచమంటే ఒకటి కిందికి వాలినా, మాట ముద్దగా వచ్చినా, ఉన్నట్టుండి ఒక వైపు చూపు పోయినా, మనిషి నిలబడలేక తూలినా వెంటనే బయలుదేరాలి. నాటుమందు కోసం, పసరు కోసం తిరగడంలో పోయే పూట తిరిగిరాదు. నోట్లో నీళ్లుగాని, మాత్రలుగాని వేయకూడదు. మింగుడు పడక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ కర్ణాటక, తమిళనాడు వంటి రాష్ట్రాలలోనూ అదే సంఖ్యకు పలుకుతుంది. ఎక్కడికి తీసుకుపోవాలన్నది ముందే తెలుసుకొని ఉండాలి. సి.టి. స్కాను రాత్రివేళ కూడా తీసే చోటు, గడ్డ లాగే వైద్యుడు ఉన్న చోటు ఊరికి ఎంత దూరమో పెద్దలున్న ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

ఆసుపత్రిలో మొట్టమొదట అడిగేది లక్షణాలు ఎప్పుడు కనిపించాయని కాదు, మనిషిని చివరిసారి మామూలుగా చూసినది ఎన్ని గంటలకని. నిద్రలో వచ్చిన పక్షవాతానికి పడుకున్న వేళే లెక్క. ఆ సమయం సరిగ్గా చెప్పగలిగినవారు వెంట వెళ్లాలి. వాడుతున్న మందుల చీటీ, అందులోనూ నెత్తురు పలచబరిచే మాత్రలు ఉంటే వాటి పేరు, కడపటి మాత్ర వేసుకున్న వేళ కావాలి. పాత ఆంజియోగ్రామ్ ఎప్పుడైనా తీయించి ఉంటే, గుండె కోసం తీసినదైనా సరే, ఆ చిత్రాలు కూడా తీసుకుపోవడం మంచిది. బృహద్ధమని వంపు ఎంత దిగిందో, కొమ్మలు ఏ కోణంలో లేచాయో కొన్నిసార్లు అందులోనే కనిపిస్తుంది. తొడ దగ్గర మొదలుపెట్టాలో, మణికట్టు దగ్గరనో, అటకమీది నిచ్చెనను ముందుగానే దింపి ఉంచుకోవాలో వైద్యుడు చేతులు కడుక్కునే లోపలే నిర్ణయించుకోగలుగుతాడు.